పాత రోటరీ వేన్ ఎయిర్ కంప్రెసర్‌ను విప్పి, బాగుచేసి, మళ్లీ నడిపించడం ఎలా?

పాత వేన్ కంప్రెసర్ చేతికి రాగానే పానాలు తీసి విప్పడం మొదలుపెట్టకండి. ఆ పని కాస్త ఆగి చేద్దాం. ఈ మెషిన్లో కదిలే భాగాలు తక్కువ, అరుగుదల కూడా నెమ్మది. వేన్ అంటే గాలిని నెట్టే జారుడు పలక, దాని కొన కొంచెం అరిగినా అది ఇంకాస్త బయటికి జరిగి గోడను తాకుతూనే ఉంటుంది. అందుకే పిస్టన్ కంప్రెసర్లో రింగులు అరిగినకొద్దీ గాలి తగ్గినట్టు ఇందులో తగ్గదు. ఇలాంటిది పాడైందంటే ఎక్కువసార్లు కారణం ఆయిల్ దగ్గరే దొరుకుతుంది. ఆయిల్ తగ్గిపోయి ఉంటుంది, లేదా కాలిపోయి ఉంటుంది, తప్పు రకం పోసి ఉంటారు, నీళ్లు కలిసి ఉంటాయి. ఆ కారణం పట్టుకోకుండా కొత్త వేన్లు వేస్తే వాటికీ అదే గతి పడుతుంది. నేను ఇక్కడ చెప్పే పద్ధతంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఏ మెషిన్ గురించి?

ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో తయారైన హైడ్రోవేన్, ఇటలీవాళ్ల మట్టేయి లాంటి ఆయిల్‌తో నడిచే వేన్ కంప్రెసర్లు ఇక్కడ నా దృష్టిలో ఉన్నాయి. మోటార్‌కు నేరుగా కప్లింగ్‌తో కలిపి, 50 హెర్ట్జ్ కరెంటు మీద సుమారు 1450 ఆర్‌పీఎంతో తిరిగే 5 నుంచి 15 హెచ్‌పీ సైజువి. స్టేటర్ అనే గుండ్రటి గొట్టం లోపల రోటర్ ఒక పక్కకు జరిగి తిరుగుతుంది. రోటర్‌లో నిలువునా కోసిన గాడులు, ఆ గాడుల్లో వేన్లు. తిరిగే వేగానికి వేన్లు బయటికి విసురుకుని గోడకు ఆనుకుంటాయి. రెండు వేన్ల మధ్య చిక్కిన గాలి, చోటు ఇరుకైపోయేకొద్దీ నలిగి ఒత్తిడి ఎక్కుతుంది. ఆ గాలిలోకి ఆయిల్ చిమ్ముతూ ఉంటుంది. సందులు మూసేది, జారుడు ఇచ్చేది, వేడి లాగేది ఆ ఆయిలే. చాలా మోడళ్లలో ఆయిల్‌కు వేరే పంపు ఉండదు. సంప్‌లో, అంటే ఆయిల్ నిలవ ఉండే తొట్టిలో, ఉన్న గాలి ఒత్తిడే ఆయిల్‌ను లోపలికి నెడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆఫ్‌సెట్ ప్రింటింగ్ మెషిన్ల పక్కన ఉండే బెకర్, రీట్ష్లే లాంటి డ్రై పంపులు వేరే జాతి. వాటిలో కార్బన్ వేన్లు ఆయిల్ లేకుండా నడుస్తాయి. వాటిలో ఒక్క చుక్క ఆయిల్ కూడా పోయకండి. కార్బన్ పొడి ఆయిల్‌తో కలిసి పేస్టులా మారి వేన్లను గాడుల్లో పట్టేస్తుంది, తర్వాత అవి విరుగుతాయి. వాటి సర్వీసింగ్ ఇంతే: ఫిల్టర్లు మార్చాలి, కార్బన్ పొడిని పొడిగుడ్డతో తుడిచి బయటికి తీయాలి, వేన్ ఎత్తు కొలిచి కంపెనీ చెప్పిన కనిష్ఠానికి దిగితే సెట్టు మొత్తం మార్చాలి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్క్ పెట్టుకోండి. ఇక్కడినుంచి చెప్పేదంతా ఆయిల్ రకం గురించే.

విప్పకముందే జబ్బు కనుక్కోవాలి

మెషిన్ ఇంకా తిరుగుతూ ఉంటే ఒక్కసారి నడిపి చూడండి. స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు టకటకమని కొట్టుకుని తర్వాత సద్దుమణిగితే కంగారు పడక్కర్లేదు, వేన్లు బయటికి వచ్చి ఆయిల్ అందుకునేదాకా ఆ చప్పుడు మామూలే. వేడెక్కాక కూడా అదే చప్పుడు వస్తుంటే వేన్లు గాడుల్లో ఇరుక్కుంటున్నాయి, లేదా స్టేటర్ గోడ అలలు తేలింది. ఆగకుండా ఒకే తీరుగా గరగరమంటే బేరింగ్‌నో కప్లింగ్ రబ్బరునో అనుమానించండి.

తర్వాత గాలి ఎంత ఇస్తోందో లెక్క కట్టండి. ట్యాంకు ఖాళీ చేసి, బయటికి వెళ్లే వాల్వ్ మూసి, నిండటానికి ఎంత సేపు పట్టిందో చూడండి. 200 లీటర్ల ట్యాంకు 0 నుంచి 7 బార్ ఎక్కడానికి 4 నిమిషాలు పట్టిందనుకుందాం. 200ను 7తో గుణిస్తే 1400 లీటర్లు, 4తో భాగిస్తే నిమిషానికి 350 లీటర్లు, అంటే సుమారు 12 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). నేమ్ ప్లేట్ మీద 18 అని ఉంటే మూడో వంతు పోయినట్టే. అయినా వెంటనే వేన్ల మీద నింద వేయకండి. ఎయిర్ ఫిల్టర్ మట్టికొట్టుకుపోయినా, ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోకపోయినా ఇదే లెక్క వస్తుంది. ఇంకో సంగతి: అమెరికా నుంచి వచ్చిన మెషిన్ అయితే దాని ప్లేటు మీది అంకెలు 60 హెర్ట్జ్‌వి. మన 50 హెర్ట్జ్ మీద వేగం ఆరింట ఐదు వంతులే, గాలీ అంతే. పైగా వేన్‌ను బయటికి విసిరే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 69 శాతానికి పడిపోతుంది. ఆ మెషిన్ స్టార్టింగ్‌లో ఎక్కువసేపు కొట్టుకుంటే అందులో ఆశ్చర్యం లేదు.

కొన్ని గుర్తులు విప్పకుండానే కథ చెప్పేస్తాయి. మెషిన్ ఆపాక ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ఉంటే, ఇన్‌టేక్ వాల్వ్ మూసుకోవడం లేదు, సంప్ ఒత్తిడి ఆయిల్‌ను వెనక్కి తన్నుతోంది. గాలి లైన్లో ఆయిల్ వస్తుంటే మొదట ఆయిల్ మరీ ఎక్కువ పోశారేమో చూడండి, తర్వాత ఆయిల్‌ను తిరిగి లోపలికి పంపే స్కావెంజ్ లైన్, ఆ తర్వాతే గాలిలోంచి ఆయిల్‌ను వేరుచేసే సెపరేటర్. ఉత్తపుణ్యానికి సెపరేటర్ మార్చి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. వేడెక్కి ట్రిప్ అవుతుంటే కూలర్ రెక్కల మధ్య చూడండి. రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, కార్పెంటర్ షాపు లాంటి చోట్ల ఆ రెక్కలు దుమ్ముతో పూర్తిగా కప్పుకుపోయి ఉంటాయి.

చివరగా, వేడిగా ఉన్నప్పుడే కాస్త ఆయిల్‌ను గాజు సీసాలోకి పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున నీళ్లు చేరితే ఒక కారణం దొరికింది. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు ఇంకా కలిసే ఉన్నాయి. నల్లగా, మాడిన వాసన వస్తుంటే మెషిన్ చాలాకాలం వేడిగా నడిచింది. అడుగున మెరుపు రజను ఉంటే సీసాలో అయస్కాంతం దింపి చూడండి: అంటుకుంటే ఇనుము, అంటే రోటర్, స్టేటర్ లేదా ఇనుప వేన్లు, అంటుకోకపోతే బుష్ (షాఫ్ట్ తిరిగే లోహపు గుల్ల) మెటలో అల్యూమినియమో.

ఒత్తిడి, కరెంటు

ఈ పనిలో ప్రాణం మీదికి తెచ్చేవి రెండే. మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి, లేదా ఐసొలేటర్‌కు తాళం వేయండి. తర్వాత ట్యాంకు డ్రెయిన్ తెరవండి. గేజ్ సున్నా చూపిస్తోందని నమ్మకండి, పాత గేజీలు సున్నా దగ్గర ఇరుక్కుంటాయి. ఈ కంప్రెసర్లలో ఆయిల్ సంప్ కూడా ఒత్తిడిలోనే ఉంటుంది, ట్యాంకు ఖాళీ అయినా, గాలిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ వెనక సంప్‌లో గాలి మిగిలి ఉండొచ్చు. ఆయిల్ పోసే ప్లగ్‌ను ఒక్క మర వదులు చేసి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగేదాకా ఆగండి. 80 డిగ్రీల ఆయిల్ మొహం మీద చిమ్మితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ట్యాంకు పాతదైతే, అడుగున తుప్పు పట్టి ఉంటే, పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు హైడ్రో టెస్ట్ చేయించండి. పూర్తిగా నీళ్లు నింపి, గాలి బుడగ లేకుండా చేయాలి. గాలితో టెస్ట్ చేయడం బాంబు పక్కన కూర్చోవడమే. ఫ్యాక్టరీలో వాడేదైతే ఒత్తిడితో నడిచే సామగ్రి భద్రతకు చట్టపరమైన నిబంధనలు ఉంటాయి. ఆ పరీక్ష సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

విప్పడం

ఆయిల్ వేడిగా ఉండగా వంపేయండి, చల్లారాక మురికి అడుగునే ఉండిపోతుంది. కప్లింగ్ విడదీసే ముందు దాని రెండు సగాల మీదా ఒక గీత గీయండి. ఎండ్ కవర్లు, స్టేటర్ కలిసేచోట సెంటర్ పంచ్‌తో గుర్తులు పెట్టండి: ముందువైపు ఒక చుక్క, వెనకవైపు రెండు. ప్రతి దశలో మొబైల్‌తో ఫోటో తీయండి. ముఖ్యంగా వేన్ కొన ఏటవాలుగా ఉంటే అది ఏ వైపు చూస్తోందో ఫోటోలో స్పష్టంగా పడాలి.

కవర్ రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకండి. చాలా కవర్లకు జాకింగ్ బోల్టుల కోసం మరలు కోసిన రంధ్రాలు ఉంటాయి, వాటిలో బోల్టులు వేసి అటు కొంచెం ఇటు కొంచెం బిగిస్తే సమంగా లేస్తుంది. రంధ్రాలు లేకపోతే నైలాన్ సుత్తితో చుట్టూ తట్టండి. స్క్రూడ్రైవర్ వేసిన ఒక్క గాటు ఆ ముఖం మీద పడితే గాలి అక్కడినుంచి కారుతూనే ఉంటుంది.

గ్యాస్కెట్‌ను చింపకుండా తీయడానికి ప్రయత్నించండి. చిరిగినా ఒక మంచి ముక్క దాచుకోండి, దాని మందం కొలవాలి. రోటర్ బరువైతే ఒంటిచేత్తో లాగకుండా ఇద్దరు పట్టండి, లేదా చైన్ బ్లాక్ వాడండి. వేన్లు తీసేటప్పుడు గాడి నంబరు, వేన్ నంబరు మార్కర్‌తో రాయండి. పాత వేన్లు మళ్లీ వాడేటట్టయితే అదే గాడిలో అదే దిశలో వేయాలి. ఇరుక్కున్న వేన్‌ను కట్టింగ్ ప్లేయర్‌తో లాగకండి. కిరోసిన్ పోసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు చెక్క ముక్కతో చివరినుంచి తట్టండి.

కడగడం

లోపల బంగారు గోధుమ రంగు పూత కనబడితే అది వార్నిష్, వేడికి ఆయిల్ విరిగిపోయి ఏర్పడింది. వేన్లు ఇరుక్కోవడానికి చాలాసార్లు కారణం ఇదే. కిరోసిన్ లేదా డీజిల్‌లో నానబెట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. గాడి లోపల వైర్ బ్రష్ వద్దు, ఎమరీ పేపర్ అసలే వద్దు, ఆ రేణువులు లోపల ఉండిపోతే కొత్త వేన్లను అవే తినేస్తాయి. గాడి అడుగు శుభ్రం చేయడానికి గాడి వెడల్పుకు సరిపడా వెదురు బద్ద చెక్కి, చివర గుడ్డ చుట్టి వాడితే చక్కగా పనిచేస్తుంది. పెట్రోల్‌తో కడగకండి. ఏది వాడినా బిగించే ముందు చుక్క కూడా మిగలకుండా ఆరబెట్టండి, కిరోసిన్ ఆవిరి వేడి గాలిలో కలిస్తే మంటకు దారి.

ఆయిల్ రంధ్రాలను ఒక్కొక్కటిగా గాలి ఊది చూడండి. ఒకవైపు ఊదితే ఇంకోవైపు వేలికి గాలి తగలాలి. స్కావెంజ్ లైన్ అనే సన్నటి పైపు, దాని చివర సూది బెజ్జం లాంటి ఆరిఫిస్ మర్చిపోకండి. సెపరేటర్ పట్టిన ఆయిల్‌ను తిరిగి లోపలికి పంపేది అదే. అది పూడుకుపోతే ఆయిలంతా గాలితో పాటు బయటికి పోతుంది. ఆ బెజ్జాన్ని డ్రిల్ బిట్‌తో పెద్దది చేస్తే మళ్లీ గాలి వృథా, సన్నటి రాగి తీగతో తీస్తే చాలు.

బనియన్ వేస్ట్ బయట తుడవడానికి మాత్రమే. లోపలి భాగాలకు పోగులు రాలని గుడ్డ వాడండి.

కొలతలు

అసలు పని ఇక్కడే ఉంది. తొందర పడకుండా ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకుని కూర్చోండి. మైక్రోమీటర్, ఫీలర్ గేజ్, డయల్ గేజ్, ఒక స్ట్రెయిట్ ఎడ్జ్ కావాలి.

మొదట స్టేటర్ లోపలి గోడ. మొబైల్ టార్చ్‌ను గొట్టం ఒక చివర గోడకు ఆనించి, ఇంకో చివరినుంచి చూడండి. వెలుతురు వాలుగా పడినప్పుడు అలలు అడ్డంగా తేలి కనబడతాయి. వాటిమీద గోరు నెమ్మదిగా లాగండి. కంటికి కనబడి గోరుకు తగలకపోతే, సన్నటి హోనింగ్ రాయితో ఆ మెరుపు పోగొడితే చాలు. గోరు టకటకమని ఎక్కి దిగుతుంటే విషయం ముదిరింది. గోడ ఎక్కువగా దెబ్బతినేది సాధారణంగా గాలి బయటికి పోయే రంధ్రానికి ముందున్న భాగంలో, ఎందుకంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇంజిన్ బ్లాకులాగా దీన్ని బోరింగ్ చేయించి సరిపెట్టలేం. రోటర్, స్టేటర్ ఒకచోట దాదాపు తాకేంత దగ్గరగా వస్తాయి, ఆ సన్నటి సందే ఒత్తిడి గాలి వెనక్కి రాకుండా ఆపేది. బోర్ వ్యాసం 0.5 మి.మీ పెంచితే, కేంద్రం జరపకపోతే, ఆ సందు 0.25 మి.మీ పెరుగుతుంది, గాలంతా అందులోనుంచే వెనక్కి వస్తుంది. కేంద్రం జరపాలంటే భాగాలను సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు మళ్లీ వేయాలి. కొన్ని మోడళ్లలో బోర్ అసలు పూర్తి గుండ్రంగానే ఉండదు. కాబట్టి గోరుకు తగిలే అలలుంటే స్టేటర్ మార్చడమే మంచిది, లేదా ఈ లెక్క అర్థమయ్యే గ్రైండింగ్ మాస్టర్ దగ్గరికే తీసుకెళ్లండి. బాలానగర్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా మెషిన్ షాపులకు కొదవలేదు, కానీ పని ఇచ్చేముందు ఈ సందు సంగతి వివరంగా చెప్పి ఇవ్వండి.

రెండోది రోటర్ చివర్ల దగ్గరి సందు, ఎండ్ క్లియరెన్స్. చాలామంది పట్టించుకోనిది ఇదే, గాలి ఎక్కువగా పోయేదీ ఇక్కడే. లెక్క సులువు: స్టేటర్ పొడవుకు రెండు గ్యాస్కెట్ల మందం కలిపి, రోటర్ పొడవు తీసేయాలి. ఉదాహరణకు స్టేటర్ 160.00, గ్యాస్కెట్లు ఒక్కోటి 0.05, రోటర్ 160.00 అయితే మొత్తం సందు 0.10 మి.మీ. ఇప్పుడు ఎవరో మంచి ఉద్దేశంతోనే షాపులో దొరికిన 0.25 మందం ప్యాకింగ్ షీట్ కోసి వేశారనుకోండి, సందు 0.50 అయిపోతుంది. మెషిన్ కొత్తలాగా తిరుగుతుంది, గాలి మాత్రం రాదు. వేన్లు కొత్తవే, అన్నీ బాగానే ఉన్నాయి, గాలి రావట్లేదని తల పట్టుకునే సందర్భాల్లో మొదట చూడాల్సింది ఈ గ్యాస్కెట్‌నే.

అలాగని సందు సున్నా చేయకూడదు. వేడెక్కినప్పుడు రోటర్ స్టేటర్ కన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, 160 మి.మీ రోటర్ సుమారు 0.035 మి.మీ అదనంగా సాగుతుంది. సందు అంతకన్నా తక్కువైతే రోటర్ కవర్‌ను గీకి అక్కడికక్కడే పట్టేస్తుంది. మీ మోడల్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకే చివరి మాట. మాన్యువల్ దొరకకపోతే విప్పినప్పుడు మీరు కొలిచిన గ్యాస్కెట్ మందాన్నే మళ్లీ పాటించండి.

ఎండ్ కవర్ ముఖం మీద గుండ్రటి గీతలుంటాయి. గోరుకు తగలనంతవరకు వదిలేయండి. లోతుగా ఉంటే సర్ఫేస్ గ్రైండింగ్ చేయించవచ్చు, కానీ బుష్, డోవెల్ రంధ్రాలకు ఆ ముఖం లంబంగా ఉండేలా పట్టించాలి. రోటర్ గాడి అడుగు మూలల్లో పగుళ్లున్నాయేమో, పగుళ్లను రంగుతో చూపే డై పెనెట్రెంట్ కొట్టి చూడండి. అక్కడ పగులు కనబడితే ఆ రోటర్ ఇక వాడకండి, వెల్డింగ్ చేయిద్దామన్న ఆలోచన కూడా వద్దు.

వేన్లు

ప్రతి వేన్ ఎత్తును రెండు చివర్లా, మధ్యలో, మూడుచోట్ల కొలవండి. ఒక చివర ఎక్కువ అరిగి ఉంటే తప్పు వేన్‌ది కాదు, ఆ వైపు బుష్ అరిగి రోటర్ వంకరగా తిరుగుతోంది. వేన్ పక్క ముఖం మీద, గాడి మూతి తగిలే చోట మెట్టులాగా ఏర్పడుతుంది. వేలు జరిపితే తెలుస్తుంది. ఆ మెట్టే వేన్‌ను లోపలికి పోనివ్వదు. ఫైబర్ వేన్లయితే పొరలు విడిపోయాయా, నీళ్లు తాగి ఉబ్బాయా చూడండి.

కొత్త వేన్లు వేసేటప్పుడు సెట్టు మొత్తం మార్చండి. పాతవి రెండు, కొత్తవి నాలుగు కలిపి వేయకండి. గాడిలో సన్నగా ఆయిల్ రాసి, గాడి నిలువుగా ఉండేలా రోటర్ పట్టుకుని వేన్ వదిలితే దాని బరువుకు అదే మెల్లగా జారి దిగాలి. మధ్యలో ఆగితే గాడిలో బర్ (అంచున లేచిన లోహపు పొర) ఉంది, సన్నటి ఆయిల్ స్టోన్‌తో తీయండి. దబ్బున పడి అటూ ఇటూ ఊగితే గాడి అరిగింది.

స్థానికంగా వేన్లు తయారు చేయించే ఆలోచన ఉంటే ఒక్క మాట: ఆకారం కన్నా మెటీరియల్ ముఖ్యం. దొరికిన ఫైబర్ షీటు వేడి ఆయిల్‌కు తట్టుకుంటుందో లేదో, ఒక ముక్కను 100 డిగ్రీల కంప్రెసర్ ఆయిల్లో ఒక రోజు ఉంచి ముందూ తర్వాతా మందం కొలవండి. ఉబ్బితే వాడకండి.

బుష్‌లు, సీల్స్, వాల్వులు

బుష్ లోపల షాఫ్ట్ ఊగితే రోటర్ స్టేటర్‌ను తాకడానికి ఎంతో కాలం పట్టదు, కాబట్టి బుష్‌లు మొహమాటం లేకుండా మార్చండి. బాల్ లేదా రోలర్ బేరింగులున్న మోడల్ అయితే విప్పాక పాతవి మళ్లీ వేయకండి.

షాఫ్ట్ మీద పాత ఆయిల్ సీల్ కోసిన గాడి ఉంటే కొత్త సీల్ కూడా కారుతుంది. సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి వేయడానికి చోటుంటే అలా చేయండి, లేకపోతే రిపేర్ స్లీవ్ ఎక్కించండి. సీల్, ఓ-రింగులు వైటన్‌వి అడిగి తీసుకోండి. నైట్రైల్‌వి 100 డిగ్రీల దగ్గర రోజూ ఉంటే గట్టిపడి పగులుతాయి.

మినిమం ప్రెషర్ వాల్వ్‌ను తప్పకుండా విప్పి చూడండి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కూడా సంప్‌లో సుమారు 4 బార్ నిలిపి ఉంచడం దీని పని. ఆయిల్‌ను నెట్టేది సంప్ ఒత్తిడే అని ముందు చెప్పాను కదా. ఈ వాల్వ్ తెరుచుకుని ఉండిపోతే, ఖాళీ ట్యాంకుతో స్టార్ట్ చేసిన ప్రతిసారీ వేన్లు ఆయిల్ అందక పొడిగా తిరుగుతాయి. స్టేటర్ గోడ మీద అలలు కనబడిన మెషిన్లో ఈ వాల్వ్‌ను ముందుగా అనుమానించండి.

సెపరేటర్ ముందూ వెనకా ఒత్తిడి తేడా 0.7 నుంచి 1 బార్ దాటితే మార్చాలి. కొత్తదాని గ్యాస్కెట్‌కు చిన్న స్టేపుల్ పిన్నులుంటాయి, పీకేయకండి. గాలి రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటును బాడీకి దించేది అవే. సేఫ్టీ వాల్వ్ కొత్తది వేయండి, దీన్లో పొదుపు వద్దు. కూలర్‌ను బయటినుంచి గాలి, సబ్బునీళ్లతో, లోపలినుంచి ఫ్లషింగ్‌తో శుభ్రం చేయండి.

బిగించడం

అన్ని భాగాలకూ కొత్త కంప్రెసర్ ఆయిల్ రాయండి. గ్యాస్కెట్‌కు సిలికాన్ పేస్టు పూయకండి, లోపలికి ఉబికిన ముక్క ఊడి ఆయిల్ రంధ్రంలో అడ్డం పడుతుంది. డోవెల్ పిన్నులు ముందు, బోల్టులు తర్వాత. బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించండి. ప్రతి విడత తర్వాత షాఫ్ట్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పండి. ఎక్కడైనా బిగుసుకుంటే ఆగి, చివరగా బిగించిన బోల్టు వదులు చేసి కారణం వెతకండి. మోటార్‌తో తిప్పితే సర్దుకుంటుందిలే అనుకోవద్దు. కప్లింగ్ రబ్బరు కొత్తది వేసి, డయల్ గేజ్‌తో అలైన్‌మెంట్ 0.1 మి.మీ లోపుకు తీసుకురండి. చాలాకాలం మూలన పడి ఉన్న మోటార్ అయితే ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూడండి, 1 మెగోమ్ కన్నా తక్కువ వస్తే ముందు ఆరబెట్టించాలి.

ఆయిల్, నీళ్లు

ప్లేటు మీదో మాన్యువల్‌లోనో చెప్పిన ఆయిలే పోయండి. అది తెలియకపోతే రోటరీ కంప్రెసర్ల కోసమే చేసిన ఐఎస్ఓ వీజీ (ఆయిల్ చిక్కదనం అంకె) 68 లేదా 100 తీసుకోండి. మే నెల ఎండల్లో షెడ్డు లోపలే 45 డిగ్రీలు ఉండే చోట నేను 100 వైపే మొగ్గుతాను. మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప ఇంజిన్ ఆయిల్ వద్దు, అందులోని డిటర్జెంట్ నీళ్లను తనలో కలిపేసుకుంటుంది, అడుగుకు దిగనివ్వదు.

ఆ నీళ్లు కొంచెమేమీ కావు. 35 డిగ్రీల దగ్గర, 75 శాతం తేమలో ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీళ్లుంటాయి. నిమిషానికి 350 లీటర్లు లాగే మెషిన్ గంటకు 21 ఘనపు మీటర్లు లాగుతుంది, అంటే 630 గ్రాముల నీళ్లు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలంలో ఇది మామూలే. మెషిన్ 80 డిగ్రీల దగ్గర నిలకడగా నడిస్తే ఈ నీళ్లు ఆవిరిగానే ట్యాంకుకు వెళ్లి అక్కడ దిగుతాయి. రోజుకు పది నిమిషాలు నడిపి ఆపేస్తుంటే సంప్‌లోనే దిగుతాయి. తక్కువ వాడకం ఉన్న షాపుల్లో వారానికి ఒకసారి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, సంప్ డ్రెయిన్ నెమ్మదిగా తెరిచి నీళ్లు వదలండి. ఆయిల్ రాగానే మూసేయండి. పాత మోడళ్లలో కూడా కొన్నింటికి ఆయిల్ థర్మోస్టాట్ ఉంటుంది, అది తెరుచుకుని ఇరుక్కుంటే మెషిన్ ఎప్పటికీ వేడెక్కదు, అప్పుడు కూడా నీళ్ల బాధ తప్పదు.

మొదటి స్టార్ట్

ఇన్‌టేక్‌లో అర కప్పు కంప్రెసర్ ఆయిల్ పోసి, చేత్తో నాలుగైదు చుట్లు తిప్పండి. తర్వాత మోటార్‌ను ఒక్క క్షణం తాకించి ఆపి, బాణం గుర్తు చూపిన వైపే తిరిగిందో లేదో చూడండి. త్రీఫేజ్‌లో రెండు వైర్లు తారుమారైతే మెషిన్ వెనక్కి తిరుగుతుంది, అలా కొన్ని సెకన్లు తిరిగినా వేన్లకు ప్రమాదమే.

దిశ సరిగా ఉంటే ట్యాంకు వాల్వ్ కొద్దిగా తెరిచి, ఒత్తిడి 5 బార్ దగ్గర ఉండేలా అరగంట నడపండి. చెవి అక్కడే పెట్టుకోండి. క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల కరెంటు రాసుకోండి, నేమ్ ప్లేట్ అంకె దాటకూడదు. ఆయిల్ ఉష్ణోగ్రత 90 దాటి ఎక్కుతూనే ఉంటే ఆపేయండి. అరగంట తర్వాత ఆపి, ఒత్తిడి దిగాక ఆయిల్ మట్టం చూడండి, కూలరూ ఫిల్టరూ నిండి మట్టం కొంచెం తగ్గి ఉంటుంది, మళ్లీ పోయండి. ఆ తర్వాత ఒక్కో బార్ పెంచుతూ పూర్తి ఒత్తిడికి తీసుకెళ్లి, మొదట్లో చేసిన ట్యాంకు లెక్క మళ్లీ చేయండి. కొత్త వేన్లు గోడకు పూర్తిగా కుదురుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది, కాబట్టి మొదటి రోజు అంకె కన్నా వారం తర్వాతి అంకె కాస్త మెరుగ్గా రావచ్చు.

50 గంటలు నడిచాక మొదటి ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చండి. ఆయిల్ ఇంకా కొత్తగానే ఉంది కదా అని వదిలేయకండి, కుదురుకునేటప్పుడు రాలిన రజనంతా అందులోనే ఉంటుంది. తీసిన ఫిల్టర్‌ను కోసి, కాగితాన్ని తెల్ల పళ్లెంలో పరిచి చూడండి. సన్నటి బూడిద రంగు పొడి ఉంటే అది కుదుర్చుకునే అరుగుదల. చేతికి తగిలే రేకులు గానీ పొరలు గానీ కనబడితే మెషిన్‌ను ఆపి, ఎండ్ కవర్ తీసి సందులు మళ్లీ కొలవండి.